పాత ఇంటిపై అంతస్తు వేయాలనుకుంటున్నారా? విశాఖలో ప్లాన్ పర్మిషన్ ఎలా తీసుకోవాలి

మేస్త్రిని పిలిచే ముందు ఒక పని చేయండి. బీరువా తెరిచి ఇంటి పాత ప్లాను బయటికి తీయండి. అది నీలం కాగితం కావచ్చు, మడతల దగ్గర చిరిగిపోయి ఉండవచ్చు. దాని మీద వుడా ముద్రో, మున్సిపల్ కార్పొరేషన్ ముద్రో, ఒక నంబరూ తేదీ ఉంటాయి. ఆ కాగితంలో ఉన్న ఇల్లూ ఇప్పుడు మీరు ఉంటున్న ఇల్లూ ఒకటేనా కాదా అన్నదే మీ పర్మిషన్ కథంతా. ఒకటే అయితే మిగతా పని ఓపికతో అయిపోతుంది. కాకపోతే, ఆ తేడా ఎక్కడుందో అధికారులు చెప్పేలోపు మీకే తెలిసి ఉండాలి.

మా ఇల్లు ఎంవీపీ కాలనీలో. నాన్నగారు 1990ల్లో కట్టించారు. తమ్ముడికి పెళ్లి కుదిరాక పైన రెండు గదులు వేద్దామనుకున్నాం. మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చేశాం, ఇసుక కూడా దింపించాం. ప్లాను గీసినాయన "పాత ప్లాను ఎందుకండీ, అదంతా నేను చూసుకుంటాను" అన్నారు. నమ్మాం. తనిఖీకి వచ్చినవాళ్లు మేడమెట్ల దగ్గర ఆగారు. పాత ప్లానులో మెట్లు ఇంటి లోపల ఉన్నాయి. కట్టేటప్పుడు హాలు కాస్త పెద్దదవుతుందని నాన్నగారు వాటిని పక్కన వదిలిన ఖాళీలోకి, అంటే సెట్‌బ్యాక్‌లోకి మార్చేశారు. కొత్తగా గీసిన ప్లానులో ఆ మెట్ల ఊసే లేదు. దరఖాస్తు వెనక్కి వచ్చింది. చివరికి బయటి మెట్లు కొట్టించి, లోపల కొత్తవి వేయించాకే పని కదిలింది. నాలుగు నెలలు పోయాయి. కొత్త కోడలు వచ్చేనాటికి పైగదులకు గోడలు కూడా లేవలేదు. అమ్మ ఆ మాట తలుచుకుని ఇప్పటికీ బాధపడుతుంది. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

మీ పనికి అసలు అనుమతి కావాలా?

అన్నిటికీ అక్కర్లేదు. సున్నం, పెయింటింగ్, ఊడిన ప్లాస్టరింగ్ సరిచేయడం, నేల టైల్స్ మార్చడం, బాత్రూమ్ బాగుచేయించడం, ఫాల్స్ సీలింగ్, కబోర్డులు, గదికీ గదికీ మధ్య తలుపు పెట్టడం, బరువు మోయని చిన్న అడ్డుగోడ కట్టడం లాంటివి మీ ఇష్టం. పక్కవాళ్ల స్థలం వైపు తెరుచుకోనంతవరకు కిటికీ పెట్టినా మూసినా ఎవరూ అడగరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. నగరంలో పాత ఇళ్లు చాలావాటికి పిల్లర్లు లేవు, స్లాబు బరువంతా గోడలే మోస్తాయి. అలాంటి ఇంట్లో హాలు విశాలం చేద్దామని మధ్య గోడ తీస్తే స్లాబే కిందికి వస్తుంది. ఏ గోడ బరువు మోస్తోందో ఇంజినీరు చూసి చెప్పేదాకా సుత్తి వేయనివ్వకండి.

కొత్త అంతస్తు, అదనపు గది, స్లాబు ముందుకు జరపడం, బయటివైపు లిఫ్టు కట్టడం, పోర్టికోను షాపుగా మార్చడం వంటివాటికి మాత్రం అనుమతి తప్పదు. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు బాల్కనీకి గోడ కట్టి గదిగా మార్చినా ప్లాను మారినట్టే. డాబా అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి పై ఫ్లాటు వాళ్లకి దాని మీద విడిగా హక్కు ఉండదు. ముందు అసోసియేషన్‌తో మాట్లాడాలి.

డాబా మీద రేకుల షెడ్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. "తాత్కాలికమే కదా" అని మనలో చాలామంది వేసేస్తుంటారు. చుట్టూ గోడ కట్టి, లోపల బాత్రూమ్ పెట్టి, అద్దెకిస్తే అది షెడ్డు కాదు, అనధికార అంతస్తు. అనుమతి సంగతి అలా ఉంచినా గాలి సంగతి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు విశాఖలో ఉన్నవాళ్లకి రేకులు ఎలా ఎగిరాయో చెప్పనక్కర్లేదు. గాలి తాకిడికి సంబంధించిన భారతీయ ప్రమాణాల్లో విశాఖకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. నాలుగు ఇనప గొట్టాలు పాతి జె-బోల్టులు బిగిస్తే ఆ గాలికి ఆగదు. రేకులు వేసినా సరే, ఇంజినీరు లెక్క వేసిన పునాది ప్లేట్లూ బోల్టులూ ఉండాలి. ఎగిరిన రేకు పక్కింటి పిల్లాడి మీద పడవచ్చు.

పాత ప్లానుతో ఇంటిని సరిచూసుకోండి

ఒక ఆదివారం ఉదయం టేపు పట్టుకుని ఇంట్లో ఇద్దరు ఈ పని చేయవచ్చు. పాత ప్లానును జెరాక్స్ తీయించుకుని, తేడా కనిపించిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.

ముందు స్థలం. దస్తావేజులో గజాల్లో ఉంటుంది, రూల్స్ అన్నీ మీటర్లలో ఉంటాయి. గజాలను 0.836తో గుణిస్తే చదరపు మీటర్లు వస్తాయి. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. ఎన్ని అంతస్తులకు వీలుంటుంది, నాలుగు వైపులా ఎంతెంత వదలాలి అన్నది ఈ చదరపు మీటర్ల మీదా, ముందున్న రోడ్డు వెడల్పు మీదా, ఇంటి ఎత్తు మీదా నడుస్తుంది. ఈ లెక్కలన్నీ 2017 మార్చిలో 119 నంబరు జీవోతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్‌లో, ఆ తర్వాత వచ్చిన సవరణల్లో ఉన్నాయి. స్థలం కొలతలు దస్తావేజుతో కలుస్తున్నాయో లేదో కూడా చూడండి. ప్రహరీ కట్టినప్పుడు అర అడుగు అటో ఇటో జరిగి ఉండటం మామూలే.

తర్వాత గోడ నుంచి ప్రహరీ దాకా నాలుగు వైపులా కొలవండి. మెట్లు, బయటి బాత్రూమ్, మోటారు గది, వెనక వంటగదికి తగిలించిన రేకుల వసారా వంటివన్నీ ప్లానులో ఉన్నాయా? సన్‌షేడ్ 60 సెంటీమీటర్ల దాకా సెట్‌బ్యాక్‌లోకి రావచ్చు, బాల్కనీ మామూలుగా రాకూడదు. పాత ఇళ్లలో సన్‌షేడే మెల్లగా బాల్కనీ అయిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

తర్వాత అంతస్తులు. ప్లాను గ్రౌండ్ ఫ్లోర్‌కే ఉండి, మొదటి అంతస్తు ప్లాను లేకుండానే వేసి ఉంటే, ఇప్పుడు రెండో అంతస్తు అడిగినప్పుడు ఆ మొదటిదే ముందుకొస్తుంది. అలాంటిదాన్ని ప్రభుత్వం అప్పుడప్పుడు ప్రకటించే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్, అంటే బీపీఎస్ కింద క్రమబద్ధం చేసి ఉంటే ఆ ఉత్తర్వు కాపీ వెతకండి. 2007లో, 2015లో, 2019లో ఇలాంటి అవకాశాలు వచ్చాయి. ఆ రోజుల్లో నాన్నగారో మామగారో డబ్బు కట్టి, రసీదు ఒకచోట, ఉత్తర్వు మరోచోట పెట్టి ఉండవచ్చు. రసీదు ఉంటే చాలదు, ఉత్తర్వు కావాలి.

పాత ప్లానే దొరకకపోతే కంగారు పడొద్దు. దస్తావేజు వెనక పేజీలు తిరగేయండి, ఇంటి లోను తీసుకున్న బ్యాంకును అడగండి. ఫైలులో కాపీ ఉండే అవకాశం ఎక్కువ. అక్కడా లేకపోతే, పర్మిట్ నంబరు తెలిసినా తెలియకపోయినా జోనల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ విభాగానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గాజువాక వైపు ఇళ్లవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఆ ప్రాంతం జీవీఎంసీలో, అంటే మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది 2005లో. భీమిలి, అనకాపల్లి 2013లో కలిశాయి. అంతకుముందు కట్టిన ఇళ్లకు పాత మున్సిపాలిటీ ముద్రో, పంచాయతీ ముద్రో ఉంటుంది. దాన్ని పట్టుకునే వెళ్లాలి.

స్థలానికి వేరే చిక్కులున్నాయా?

విశాఖలో ఈ మెట్టు దాటకుండా ముందుకు వెళ్లడం ప్రమాదం. ఇంటి ప్లానుకు జీవీఎంసీ ఒక్కటే ఉందనుకుంటాం గానీ, ఈ ఊరికి ఒక పక్క సముద్రం, మధ్యలో నేవీ, ఇంకోవైపు దేవస్థానం భూములు ఉన్నాయి.

అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి గ్రామాలు సింహాచలం పంచగ్రామాల పరిధిలోవి. అక్కడి భూవివాదం ఎంతమంది కుటుంబాలను ఏళ్ల తరబడి వేధించిందో అందరికీ తెలుసు. కారుతున్న స్లాబు బాగుచేయించుకోవడానికి కూడా భయపడుతూ బతికిన వాళ్లను చూశాను. మీ ఇల్లు అటువైపైతే, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్లు చేయకూడని భూముల జాబితాలో ఉందో లేదో చూడకుండా ఎవరికీ రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగినా చెబుతారు.

బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ, భీమిలి తీరం దగ్గరైతే సీఆర్‌జెడ్, అంటే తీరం దగ్గర కట్టడాలను నియంత్రించే నిబంధనలు వర్తిస్తాయేమో చూడాలి. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా వాటి పరిధి ఉంటుంది. అప్పటికే బాగా కట్టడాలున్న నగర ప్రాంతంలో ఇప్పుడున్న రోడ్డుకు సముద్రం వైపు కాక ఊరి వైపు ఉన్న స్థలాలకు అనుమతి వచ్చే వీలుంది, అయితే కోస్తా నిర్వహణ అథారిటీ అనుమతి అదనంగా కావచ్చు.

ఎన్‌ఏడీ, షీలానగర్, గాజువాక వైపు ఎత్తు కట్టేవాళ్లు విమానాశ్రయం సంగతి మరిచిపోకూడదు. ఆ రన్‌వే నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాది. ఎక్కడ ఎంత ఎత్తు దాకా ఫర్వాలేదో రంగుల మ్యాప్ ఉంటుంది. మామూలు రెండంతస్తులకు చాలాచోట్ల ఇబ్బంది ఉండదు, కొండవాలు మీద ఇల్లయితే నేల ఎత్తు కూడా కలుస్తుంది కాబట్టి చూసుకోవాలి.

చివరిగా, ఇంటి ముందు రోడ్డును మాస్టర్ ప్లాన్‌లో వెడల్పు చేయాలని ఉందేమో కనుక్కోండి. ఉంటే ఆ మేరకు స్థలం వదలాలి. సెట్‌బ్యాక్ కొలత వదిలాక మిగిలిన స్థలం నుంచి మొదలవుతుంది. వదిలినందుకు టీడీఆర్ (వేరేచోట వాడుకోగల, అమ్ముకోగల నిర్మాణ హక్కు) గానీ, సెట్‌బ్యాక్‌లో సడలింపు గానీ అడగవచ్చు.

కింది ఇల్లు పై బరువు మోస్తుందా?

అనుమతి కాగితానికి ముందే తేలాల్సిన విషయం ఇది. ఉప్పుగాలి మన ఊరి ఇళ్లకు శత్రువు. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటును పగలగొడుతుంది. స్లాబు కింద పెచ్చులు ఊడుతుంటే, పిల్లరు పొడవునా నిలువు పగుళ్లు ఉంటే, అక్కడ ఇంకో అంతస్తు మాట ఎత్తకండి. ముందు మరమ్మతు.

స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి, ఒకటి రెండు చోట్ల పునాది దాకా తవ్వించి ఫుటింగు సైజు చూపించండి. పిల్లర్లలో ఎంత ఇనుముందో, కాంక్రీటు ఎంత గట్టిగా ఉందో ఇంటిని పగలగొట్టకుండా చేసే పరీక్షలున్నాయి. ఖర్చవుతుంది, కానీ నా మాట వినండి, ఇక్కడ మిగుల్చుకోకండి. పై అంతస్తు దరఖాస్తుకు ఎలాగూ స్ట్రక్చరల్ స్టెబిలిటీ సర్టిఫికెట్ కావాలి. ఇల్లు చూడకుండా సంతకం పెట్టి ఇచ్చే సర్టిఫికెట్ తీసుకోవద్దు. దాని కింద పడుకునేది మీ పిల్లలే.

ఎల్‌టీపీని ఎంచుకోవడం

దరఖాస్తు మీ తరఫున ఆన్‌లైన్‌లో పెట్టేది లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్, అందరూ ఎల్‌టీపీ అంటారు. ప్లాను గీసే ప్రతివాళ్లూ ఎల్‌టీపీలు కారు. లైసెన్సు నంబరు అడిగి, గడువు ఇంకా ఉందో లేదో చూడండి. మీరు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టిన పాత ప్లాను ఆయన ముందు పెట్టి, "ఈ తేడాలు ఇవీ, వీటిని ఏం చేద్దాం?" అని మీరే మొదలుపెట్టండి. మంచి ఎల్‌టీపీ ఆ కాగితం చూడగానే సంతోషిస్తాడు. "అవన్నీ వదిలేయండి సార్, మేనేజ్ చేద్దాం" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఉన్నదాన్ని లేనట్టు గీసిన ప్లాను మీద యజమానిగా మీ సంతకం ఉంటుంది, ఇబ్బంది వచ్చినప్పుడు ముందు పిలిచేది మిమ్మల్నే.

ఫీజు ఎంతో, అందులో ఏమేం కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. ప్రభుత్వానికి కట్టే ఫీజు వేరు, ఆయన ఫీజు వేరు.

కాగితాలు, దరఖాస్తు

దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటిపన్ను రసీదు, పాత ప్లాను, ఉంటే లేఅవుట్ కాపీ లేదా ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ఉత్తర్వు, మార్కెట్ విలువ సర్టిఫికెట్, ఇంటి ఫోటోలు, స్ట్రక్చరల్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. ఇల్లు ఇంకా చనిపోయిన పెద్దల పేరు మీదే ఉంటే ముందు వారసుల పేరుకు మార్చుకోవాలి. దీనికే చాలామందికి నెలలు పడుతుంది, అందుకని అన్నిటికంటే ముందు దీన్ని మొదలుపెట్టండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల సమ్మతి కూడా అవసరం.

దరఖాస్తు ఏపీ డీపీఎంఎస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో వెళ్తుంది. ఎల్‌టీపీ డ్రాయింగ్ అప్‌లోడ్ చేస్తే సాఫ్ట్‌వేరే సెట్‌బ్యాక్‌లూ ఎత్తూ సరిచూసి రిపోర్టు ఇస్తుంది. ఫీజు లెక్కా అందులోనే వస్తుంది. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటయితే స్థలం విలువలో కొంత శాతం ఓపెన్ స్పేస్ చార్జీ అదనంగా పడుతుంది, ఎల్ఆర్ఎస్ చేయించుకుని ఉంటే ఆ భారం ఉండదు. నిర్మాణ ఖర్చు నిర్ణీత పరిమితి దాటితే కార్మిక సంక్షేమ సెస్సు కూడా ఉంటుంది. అన్నీ ఆన్‌లైన్‌లోనే కట్టండి, రసీదు మీ ఫోన్లోకే తెప్పించుకోండి. దరఖాస్తులో మీ ఫోన్ నంబరే ఇవ్వాలని గట్టిగా చెప్పండి. ఎల్‌టీపీ నంబరు ఇస్తే ఫైలు ఎక్కడ ఆగిందో మీకు తెలియనే తెలియదు.

18 మీటర్ల లోపు ఎత్తున్న ఇళ్లకు 2025లో సెల్ఫ్ సర్టిఫికేషన్ విధానం వచ్చింది. ప్లాను రూల్స్ ప్రకారమే ఉందని యజమాని, ఎల్‌టీపీ హామీ ఇస్తే అనుమతి త్వరగా వస్తుంది, తనిఖీ తర్వాత జరుగుతుంది. తొందరగా వస్తుంది కదా అని తేడాలు దాచి ఇందులో పెట్టకండి. తర్వాత బయటపడితే, స్లాబు పోసేసిన ఇంటితో సమాధానం చెప్పుకోవాలి.

ఫైలు 'షార్ట్‌ఫాల్' అని వెనక్కి వస్తే అది తిరస్కారం కాదు. ఏం లోటుందో రాసి ఉంటుంది, అది పూర్తిచేసి మళ్లీ పెట్టాలి. షార్ట్‌ఫాల్ నోటు మీరే చదవండి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి ఉంటారు, అర్థం కాని మాట ఉంటే అడగండి. ఎన్ని రోజులైనా కదలకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఫైలు నంబరుతో అర్జీ ఇవ్వండి. ఎవరైనా చేతికి డబ్బు అడిగితే ఏసీబీ నంబరు 1064 ఉంది.

పని మొదలయ్యాక

అనుమతి ఉత్తర్వు, ముద్ర పడిన ప్లాను రెండూ చేతికి వచ్చాకే పని మొదలుపెట్టండి. ఫీజు కట్టిన రసీదు అనుమతి కాదు. ప్లాను కాపీ లామినేట్ చేయించి సైటులో పెట్టండి, పర్మిట్ నంబరుతో చిన్న బోర్డు కట్టండి. పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పడం మంచిది. నోటీసుల వరకు వెళ్లే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇసుక కుప్ప, రాత్రిపూట మిక్సర్ చప్పుడు.

మేస్త్రి సాధారణంగా "అరడుగు ముందుకు లాగితే గది బాగుంటుందమ్మా" అంటాడు. మంచి ఉద్దేశంతోనే అంటాడు. మా నాన్నగారి మెట్లు కూడా అలాగే బయటికి వచ్చాయి. సెంట్రింగు కట్టిన రోజు, స్లాబు పోసే ముందు, మీరే టేపుతో కొలవండి. ఆ రోజు మార్చడం ఒక పూట పని. ముందు వైపు కాకుండా మిగతా వైపుల సెట్‌బ్యాక్‌లో 10 శాతం లోపు తేడా వస్తే కాంపౌండింగ్ ఫీజుతో సరిచేసే వీలు రూల్స్‌లో ఉంది. అది పొరపాటున వచ్చిన తేడాకు ఉన్న దారి, ముందే లెక్కలో వేసుకోవడానికి కాదు.

పని పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు, అంటే ఓసీకి, మళ్లీ ఎల్‌టీపీ ద్వారానే దరఖాస్తు పెట్టాలి. సొంత ఇల్లే కదా అని చాలామంది ఇక్కడ ఆపేస్తారు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఓసీ లేని కట్టడాలకు కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వవద్దని, బ్యాంకులు ఓసీ చూశాకే లోను ఇవ్వాలని చెప్పింది. పైభాగానికి వేరే కరెంటు మీటరు కావాలంటే విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఆఫీసువాళ్లు మిమ్మల్ని ఈ ఓసీయే అడిగే అవకాశం ఉంది. స్థలం పెద్దదై, అనుమతి సమయంలో కట్టే విస్తీర్ణంలో 10 శాతం కార్పొరేషన్‌కు తనఖా పెట్టి ఉంటే, అది విడుదలయ్యేదీ ఓసీతోనే.

ఓసీ రాగానే రెవెన్యూ విభాగంలో కొత్త అంతస్తుకు ఇంటిపన్ను వేయించుకోండి. అనుమతి లేని అంతస్తు అని నమోదైతే పన్నుకు సమానంగా పెనాల్టీ ప్రతి ఏటా కలిసి వస్తుంది. కాబట్టి డిమాండు నోటీసు వచ్చాక అందులో 'అనధికార నిర్మాణం' అన్న గడిలో ఏమైనా రాసి ఉందేమో చూసి, ఉంటే ఓసీ కాపీ జతచేసి వెంటనే సవరణకు అర్జీ ఇవ్వండి.